లేతుపై పని బిగించుట: పాఠ్యపుస్తకములు వదలివేసిన పుట

లోహపు లేతును బోధించు పుస్తకములలో పనిని పట్టు సాధనముల అధ్యాయము సాధారణముగా ఒకే తీరున నడచును. మొదట మూడు దవడల చక్కు, పిదప నాలుగు దవడల చక్కు, కాలెట్టు, ఫేసు ప్లేటు, డాగు, మాండ్రెలు, స్టెడీ రెస్టు. ఒక్కొక్కదానికి ఒక బొమ్మ, బొమ్మ క్రింద నాలుగు వాక్యములు. జంతుశాస్త్రములో జాతులను వరుసగా పేర్కొన్నట్లు సాధనములు పేర్కొనబడును. భద్రతకు వేరొక అధ్యాయము కలదు. అది పుస్తకారంభముననే, విద్యార్థి ఇంకను లేతును చూడకముందే, చేయవలసినవి, చేయరానివి అను పట్టికగా వచ్చి ముగిసిపోవును. ఈ రెండు అధ్యాయములకు నడుమ ఒక ఖాళీ మిగిలినది. ఏ ముక్కను ఏ సాధనముతో, ఎంత లోతున, ఎంత బిగువుతో, ఎంత వేగమునకు పట్టవలెను, పట్టు చాలలేదని ముందుగా ఎట్లు కనిపెట్టవలెను అను ప్రశ్నలన్నియు ఆ ఖాళీలోనే పడియున్నవి. టర్నరు వృత్తిలో వ్రేళ్ళు, కన్నులు, ఒక్కొక్కప్పుడు ప్రాణములు పోవునదియు ఆ ఖాళీలోనే.

ఈ లోపము ఎంతటిదో తెలిసికొనుటకు పెద్ద కర్మాగారమునకు పోనక్కరలేదు. అంబాజీపేట చాలును. అమలాపురమునకు సమీపమున, కొబ్బరి వ్యాపారమునకు పేరుపొందిన ఈ ఊరి చుట్టుపట్ల కాయ ఒలుచుట మొదలు నూనె తీయుట, పీచు తీయుట వరకు అనేక పనులు యంత్రములతో జరుగును. యంత్రము ఉన్నచోట అరుగుదల ఉండును. అరిగినదానిని బాగుచేయుటకు లేతు ఉండవలెను. కోనసీమ వంటి ప్రాంతములోని లేతు షెడ్డుకు వచ్చు పని క్రొత్త ఇనుపకడ్డీ కాదు; ఎండుకొబ్బరి ఆడు ఎక్స్‌పెల్లరు షాఫ్టు, నీటిపంపు షాఫ్టు, రైసుమిల్లు పుల్లీ, చెరువులో నీటిని చిలుకు యంత్రపు ఇరుసు. ఇవి వంగి, అరిగి, త్రుప్పుపట్టి, వెల్డింగు మచ్చలతో వచ్చును. పాఠ్యపుస్తకములో మాత్రము ముక్క ఎప్పుడును క్రొత్తది, నిటారైనది, గుండ్రనిది. రంపముతో కోసి, మొగము చదును చేసి, సెంటరు రంధ్రము తొలిచిన శుభ్రమైన కడ్డీ అది. బడిలో నేర్చినవాడు షెడ్డులో అడుగుపెట్టిన మొదటి దినముననే తడబడుటకు కారణము అతని మందబుద్ధి కాదు, ఆ పుస్తకము ఊహించుకొన్న ముక్క.

ఎక్స్‌పెల్లరు సంగతినే చూడవచ్చును. అమెరికా దేశీయుడైన వెలేరియస్ ఆండర్సన్ 1900లో పేటెంటు పొందిన ఈ యంత్రములో, ఇనుపబద్దెల పంజరము నడుమ మరచుట్లు గల షాఫ్టు తిరుగుచు కొబ్బరిని ముందుకు నెట్టును. ముందునకు పోయినకొలది చోటు ఇరుకగును, ఒత్తిడి పెరుగును, నూనె బద్దెల సందులనుండి కారును, పిండి కొసనుండి వెలువడును. ఎద్దు గానుగలో రోకలి చేయు పనిని ఇచ్చట మరచుట్టు చేయుచున్నది. ఒత్తిడి అంతయు షాఫ్టు పైననే పడును గనుక బేరింగులు కూర్చుండు చోట్లు కాలక్రమమున అరుగును. అప్పుడు ఆ చోట వెల్డింగుతో లోహము నింపి, మరల లేతుపై తిప్పి, పూర్వపు కొలతకు తెచ్చుట వాడుక. 75 మిల్లీమీటర్ల వ్యాసము, ఒకటిన్నర మీటరు పొడవు గల ఉక్కు షాఫ్టు సుమారు 52 కిలోల బరువు తూగును. దీనిని బిగించుటలో మూడు చిక్కులు కలవు. మూడింటిని గూర్చియు పుస్తకములు మౌనము వహించును.

మొదటి చిక్కు షాఫ్టు కొసలలోని సెంటరు రంధ్రములది. పుల్లీని, బేరింగును ఊడదీయునపుడు షాఫ్టు కొసపై సమ్మెటతో కొట్టుట ఎల్లెడలను ఉన్న అలవాటు. ఆ దెబ్బలకు 60 డిగ్రీల శంఖువు వలె ఉండవలసిన రంధ్రపు అంచు నలిగి లోపలికి ముడుచుకొనును. అట్టి రంధ్రములో టెయిల్‌స్టాకు సెంటరును దూర్చి బిగించినచో, సెంటరు అంచు మీద రెండు మూడు చుక్కలలో మాత్రమే ఆనును. తిప్పి చూచినపుడు గట్టిగానే ఉన్నట్లు తోచును. కోత మొదలుపెట్టగానే ఆ చుక్కలు నలిగి అరగును, సెంటరు వదులగును, 52 కిలోల షాఫ్టు ఒక కొసన ఆధారము కోల్పోవును. సెంటరును రంధ్రములో పెట్టుమని పుస్తకము చెప్పును; పెట్టకముందు ఆ రంధ్రము ఇంకను రంధ్రముగానే మిగిలియున్నదా అని చూడుమని చెప్పదు. చూచుటకు చేయవలసినది అల్పము. శంఖువుకు పలుచగా రంగు పూసి, రంధ్రములో ఒక చుట్టు త్రిప్పి, బయటికి తీసి చూడవలెను. రంగు చుట్టును సమముగా అంటినచో పట్టు ఉన్నది. చుక్కలుగా అంటినచో షాఫ్టును స్టెడీ రెస్టుపై నిలిపి రంధ్రమును మరల తొలువవలెను. శంఖువు కొన అడుగుకు తగులకుండ రంధ్రపు అడుగున సన్నని ఖాళీ ఉండుటయు ముఖ్యమే, ఏలయన సెంటరు పక్కలతో మోయవలెను గాని కొనతో కాదు.

రెండవ చిక్కు వేడిమి. ఉక్కు ఒక మీటరు పొడవునకు ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి సుమారు 12 మైక్రోమీటర్లు వ్యాకోచించును. అనగా ఒకటిన్నర మీటరు షాఫ్టు 30 డిగ్రీలు వేడెక్కినయెడల అర మిల్లీమీటరుకు మించి పొడవగును. అప్పుడే వెల్డింగు చేసి, ఇంకను వెచ్చగా ఉండగనే లేతుపైకి ఎక్కించిన షాఫ్టు చల్లారునపుడు ఇదే లెక్క తలక్రిందులగును. ఉదయము బిగించిన సెంటరు కొంత సేపటికి వదులై ఉండును. చల్లని షాఫ్టును బిగించి గట్టి కోత కోసినచో అది పొడవై సెంటరును వెనుకకు నెట్టును. తిరుగని పాతరకపు సెంటరైనచో గ్రీజు కాలి, కొన ఎర్రబడి, రంధ్రములోనే అతుకుకొనుటయు కలదు. బేరింగులపై తిరుగు సెంటరు వచ్చినపిమ్మట ఈ బాధ తగ్గినది గాని పోలేదు. పొడవగు షాఫ్టునకు దారి ఇయ్యవలసినదే. కోతల నడుమ యంత్రమును ఆపి టెయిల్‌స్టాకు బిగువును చేతితో సరిచూచుకొనుట అనుభవముగల మేస్త్రీలు అనాలోచితముగా చేయు పని. కొందరు పుస్తకకర్తలు ఈ సంగతిని ప్రస్తావింతురు, కాని కొలత తప్పుటకు కారణముగా మాత్రమే. షాఫ్టు జారి పడుటకు కూడ ఇదియే కారణము కాగలదను మాట అచ్చట కనబడదు.

మూడవది వెల్డింగు మచ్చ. నింపిన లోహము ఎగుడుదిగుడుగా, ఒకచోట మెత్తగా, ఒకచోట కఠినముగా ఉండును. పనిముట్టు దానిని నిరంతరముగా కోయదు. తగిలి, వదలి, మరల తగులును. ప్రతి తాకిడియు ఒక చిన్న సమ్మెట దెబ్బ. నిలుకడయైన కోతకు చాలిన పట్టు ఈ దెబ్బలకు చాలదు. చక్కు దవడలలో ఒకటి వెల్డింగు గడ్డపై కూర్చున్నచో, లేక కీలు బిగించు గాడి మీదకు వచ్చినచో, ఆ పట్టు మూడు చోట్ల కాక రెండు చోట్లనే ఉన్నదని గ్రహింపవలెను. ఇట్టి ముక్కకు మూడు దవడల చక్కు తగదు. నాలుగు దవడలను వేరువేరుగా కదల్చి, రాగి రేకు ముక్కలు అడ్డుపెట్టి, కొలత గడియారముతో నడిమికి తెచ్చుకొనవలెను. ఇందుకు పావుగంట పట్టును. ఆ పావుగంటకు కూలి ఎవరిత్తురు అనునది లేతు షెడ్డులో నిత్యము ఉన్న ప్రశ్న. పుస్తకము దీనికి సమాధానము చెప్పలేదు. కాని ప్రశ్న ఉన్నదని ఒప్పుకొనవచ్చును గదా!

మూడు దవడల చక్కునకు ఉన్న ఆదరణ ఊరక వచ్చినది కాదు. హెన్రీ మాడ్స్‌లే 1800 ప్రాంతమున మరలు కోయు లేతును లోహముతో నిర్మించిననాటికి పనిని పట్టుట ఇంకను శ్రమతో కూడినదే. 1830లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రీయుడు సైమన్ ఫెయిర్‌మన్ లేతు చక్కునకు పేటెంటు పొందెను. అతని అల్లుడు ఆస్టిన్ కుష్మన్ తరువాత ఈ రకపు చక్కులను విపణికి తెచ్చెను. వెనుకనున్న చుట్టుమర ఒక్కటి తిరుగగానే మూడు దవడలును ఒక్కసారిగా నడిమికి వచ్చు ఈ ఏర్పాటు పనివాని కాలమును ఎంతయో ఆదాచేసినది. మన ప్రాంతమున 1943లో సికింద్రాబాదులో ఆరంభమైన ప్రాగా టూల్సు యంత్రపనిముట్లతోపాటు చక్కుల తయారీకిని పేరుపొందెను. అయితే సౌకర్యమే ఈ సాధనము దోషమును కప్పిపుచ్చుచున్నది. మీట తిప్పగానే దవడలు ముక్కను తాకును. తాకుటయు పట్టుటయు ఒకటేయని చేతికి భ్రమ కలుగును.

ఈ భ్రమకు మిక్కిలి ప్రమాదకరమైన రూపము దవడలు గంటమూతి వలె విప్పారుట. చాలకాలము వాడిన చక్కులో దవడల ముందుభాగము అరిగి, నోరు వెడల్పగును. అప్పుడు ముక్క దవడల వెనుక కొసలో మాత్రమే పట్టుబడును. తాళపుమీట ఎంత గట్టిగా తిప్పినను బిగువు సరిగానే ఉన్నట్లు తోచును, కాని ముందువైపున పనిముట్టు త్రోయగానే ముక్క వెనుక కొసను ఇరుసుగా చేసికొని ఊగి, క్రమముగా బయటికి పాకి వచ్చును. పాత లేతులతో నడచు చిన్న షెడ్డులలో ఇంతకంటె తెలియవలసిన సంగతి మరియొకటి లేదు. అయినను చక్కును వర్ణించు పుటలలో దీనికి ఒక వాక్యమైనను దొరకుట అరుదు. పరీక్షించుటకు కాగితపు ముక్కలు చాలును. నునుపైన గుండ్రని కడ్డీని పట్టునపుడు ఒక్కొక్క దవడ క్రింద ముందు వెనుకల రెండు సన్నని కాగితపు పేలికలు ఉంచి బిగించి, ఒక్కొక్కదానిని లాగి చూడవలెను. వెనుక పేలిక చిరిగి, ముందు పేలిక జారి వచ్చినచో ఆ చక్కు అబద్ధమాడుచున్నదన్నమాట.

దవడలు బయటికి ఎంతవరకు రావచ్చునను విషయములోను పుస్తకములు పొదుపరులు. దవడ వెనుకనున్న పండ్లు చుట్టుమరలో ఎన్ని కూర్చున్నవో వానిపై బలము ఆధారపడును. పెద్ద ముక్కను పట్టవలెనను ఆశతో దవడలను చక్కు అంచు దాటించినచో ఒక్క పన్ను మాత్రమే బరువు మోయుచుండును. అది విరిగిన క్షణమున దవడ గుండువలె ఎగురును. పెద్ద ముక్కకు తిరుగవేసిన దవడలు వాడవలెను, లేదా పెద్ద చక్కును తీయవలెను. మరియొక సంగతి: దవడలపై 1, 2, 3 అను అంకెలు ఉండుట అలంకారమునకు కాదు. వరుస తప్పి వేసినచో మూడును ఒకే నడిమికి రావు.

ఇంత కష్టపడి బిగించిన పట్టు వేగముతో మారును. ఇది భౌతికశాస్త్రమున ప్రతి విద్యార్థియు చదివిన సంగతియే అయినను లేతు పుస్తకములోనికి మాత్రము ప్రవేశము పొందలేదు. తిరుగు దవడ తన బరువుచేతనే కేంద్రమునుండి బయటికి పోజూచును. కిలో బరువు గల దవడ గరిమనాభి నడిమినుండి 10 సెంటీమీటర్ల దూరమున ఉన్నదనుకొన్నచో, నిమిషమునకు 500 చుట్లకు ఈ బలము సుమారు 28 కిలోలు; 1,000 చుట్లకు 112 కిలోలు; 1,500 చుట్లకు 252 కిలోలు. వేగము రెట్టింపైనచో బలము నాలుగు రెట్లగును. ముక్కను వెలుపలినుండి పట్టినపుడు ఈ బలమంతయు మీటతో ఇచ్చిన బిగువునుండి తీసివేయవలసినదే. అనగా యంత్రము నిలిచియున్నపుడు ఊడిరాని ముక్క తిరుగునపుడు వదులుగా ఉండవచ్చును. వేగముల పట్టికను ముద్రించు పుస్తకము, ఆ పట్టిక ప్రక్కనే ఈ లెక్కను ముద్రించినచో ఎంత మేలుగా ఉండెడిది! పట్టికలో వేగము లోహమును బట్టియు, పనిముట్టును బట్టియు నిర్ణయింపబడును. చక్కు ఓర్వగల వేగము అను మూడవ హద్దు అందులో లేదు.

బయటికి పొడుచుకొని వచ్చిన ముక్క వంగుట గూర్చి పుస్తకములు కొంత న్యాయము చేసినవి. ఆధారము లేని పొడవు వ్యాసమునకు మూడు నాలుగు రెట్లు మించరాదను సూత్రము ఇంచుమించు అన్నింటను దొరకును. అయితే సూత్రము వెనుకనున్న కారణము దొరకదు. కారణము తెలియని సూత్రమును పనివాడు అవసరము వచ్చినపుడు మొదట వదలివేయును. ఒక కొసన పట్టిన కడ్డీ వంపు పొడవు యొక్క ఘనముతో పెరుగును. 25 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ చక్కునుండి 300 మిల్లీమీటర్లు పొడుచుకొని ఉండగా, దాని కొసపై పనిముట్టు 50 కిలోల బలముతో నెట్టినచో అది సుమారు 1.15 మిల్లీమీటర్లు వంగును. పొడవును సగము చేసినచో వంపు సగము కాదు, ఎనిమిదవ వంతు అగును, అనగా 0.14 మిల్లీమీటరు. అదే 300 మిల్లీమీటర్ల కడ్డీని రెండు సెంటర్ల నడుమ నిలిపినచో అదే బలము నడిమి భాగమును 0.07 మిల్లీమీటరు మాత్రమే వంచును. అనగా పదునారవ వంతు. ఈ మూడు అంకెలను ఒకసారి చూచినవాడు టెయిల్‌స్టాకును దగ్గరకు తెచ్చుటకు బద్ధకింపడు. వంగిన కడ్డీ పనిముట్టు మీదికి ఎక్కును. ఎక్కినపిమ్మట అది విరుగుటయో, పనిముట్టు విరుగుటయో, ముక్క చక్కునుండి ఊడుటయో మూడింటిలో ఒకటి జరుగును.

చక్కు వెనుక, ఇరుసు రంధ్రము గుండా ఎడమవైపునకు పొడుచుకొని పోవు కడ్డీ సంగతి మరింత ఉపేక్షింపబడినది. అచ్చట పని ఏమియు జరుగదు గనుక ఎవరి దృష్టియు అటు పోదు. కాని సన్నని పొడవైన కడ్డీ వేగముగా తిరుగునపుడు కొద్దిగా వంగుటే తడవుగా కేంద్రాపసారక బలము వంపును పెంచును, వంపు బలమును పెంచును. క్షణకాలములో అది లంబముగా వంగి కొరడావలె తిరుగును. ప్రక్కనుండి పోవు మనిషికి అది కనబడదు. కడ్డీని ముందుగానే పొట్టిగా కోసికొనుట, లేదా వెనుకవైపున గొట్టపు ఆధారము పెట్టుట ఇందుకు మార్గములు.

ఫేసు ప్లేటుపై బిగించు పని వేరొక తరగతికి చెందినది. బేరింగు పెట్టె వంటి వంకర ఆకారపు పోతపని నడిమికి ఒకవైపు బరువుగా ఉండును. 5 కిలోల బరువు నడిమినుండి 4 సెంటీమీటర్లు తొలగియున్నచో, నిమిషమునకు 400 చుట్లకు సుమారు 36 కిలోల బలము సెకనుకు ఆరేడు మార్లు దిక్కు మార్చుకొనుచు లేతును ఊపును. ఎదురుగా సమమైన బరువు బిగింపవలెనని పుస్తకములు సరిగానే చెప్పును, బొమ్మయు చక్కగా వేయును. ఈ విషయమున వానిని మెచ్చుకొనవలసినదే. బిగించిన తరువాత ఇరుసును గేరులనుండి విడదీసి, ప్లేటును చేతితో త్రిప్పి వదలి, అది ఎచ్చట నిలిపినను అచ్చటనే నిలుచుచున్నదా యని చూచుట మాత్రము కొన్నింటిలోనే కలదు.

"దృఢముగా బిగింపవలెను" అను వాక్యము ఈ పుస్తకములలో ఎన్నిమార్లు వచ్చునో లెక్కపెట్టుట కష్టము. దృఢము అనగా ఎంత? మీటకు గొట్టము తొడిగి పొడవు చేసి ఇద్దరు వ్రేలాడుట దృఢమేనా? అట్లు చేసినచో చుట్టుమర పండ్లు పగులును. పలుచని బుష్షు అయినచో మరియొక వింత జరుగును. మూడు దవడల ఒత్తిడికి బుష్షు మూడు మూలలుగా నొక్కుకొనును. ఆ స్థితిలో లోపల గుండ్రముగా తొలిచి, వదలగానే బయటివైపు తిరిగి గుండ్రనగును, లోపలివైపు మూడు మూలలగును. లేతుపై సరియైన కొలత చూపిన బుష్షు బల్లమీదికి రాగానే తప్పు కొలత చూపుటకు ఇది కారణము. తక్కువ బిగువు ప్రాణమునకు, ఎక్కువ బిగువు పనికి ముప్పు. ఈ రెండింటి నడుమ చేతికి తెలియవలసిన కొలతను వాక్యము ఇయ్యజాలదని పుస్తకకర్త ఒప్పుకొని, అభ్యాసముల రూపమున ఇయ్యవలసియుండెను. ఒకే కడ్డీని మూడు బిగువులతో పట్టించి, మూడింటిని చేతితో కదిలించి చూపు పాఠము ఒక్కటియైనను ఉన్నదా?

భాషను గూర్చి కూడ రెండు మాటలు చెప్పక తప్పదు. కర్మణి ప్రయోగమునకు అలవాటుపడిన పాఠ్యరచనలో ముక్క బిగింపబడును, చక్కు త్రిప్పబడును, మీట తీసివేయబడును. ఎవరిచేత? చక్కులో మరచిపోయిన మీట యంత్రము కదలగానే ఎగిరి ముఖమునకు తగులుట లేతు ప్రమాదములలో పాతది, నేటికిని అంతరింపనిది. "మీట తీసివేయబడవలెను" అను వాక్యములో తీయు చేయి కనబడదు. కనబడని చేయి మరచుటయు సులభము. "మీట చేతిలో ఉన్నంతసేపే చక్కులో ఉండవలెను, చేయి వదలునపుడు మీటయు బయటికి రావలెను" అని వ్రాసినచో పదములు కొన్ని పెరుగునేమో గాని వ్రేలు దక్కును. మీటను చక్కులోనుండి తనంతట తానే బయటికి నెట్టు స్ప్రింగు గల మీటలును కలవు. వానిని పేర్కొనుట మాత్రము చాలదు. ఖరీదు చూచి షెడ్డు యజమాని కొనడు గనుక అలవాటునే నేర్పవలెను.

మన వృత్తిపదములలో బిగింపుకు కావలసిన మాటలు లేవనుకొనుట పొరపాటు. లేతునకు తెలుగున తరిమెన అను పాతమాట కలదు. కొయ్యను గుండ్రముగా తిప్పి చెక్కుటను తరిమెనపట్టుట యందురు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినపుడు ఈ విద్య పేరు మరల పత్రికలలో వినబడినది. అంకుడు కొయ్యను పట్టు ఆ కొయ్యపని తీరుకును, ఉక్కును పట్టు ఈ తీరుకును పోలిక కొంతవరకే. కొయ్య జారినచో బొమ్మ చెడును, ఉక్కు జారినచో మనిషి చెడును. కాని పాఠ్యపుస్తకము పట్టు, బిగువు, ఊగు, జారు, వదులు వంటి ఇంటి మాటలను వదలి సంస్కృత సమాసములతో ముక్కను కార్యవస్తువు చేయగా, షెడ్డులో దానినే "జాబు" అందురు. ఉత్తరమును కూడ జాబు అనునదే తెలుగు. "జాబు బిగించితివా?" అని మేస్త్రీ అడుగునపుడు పుస్తకమునుండి వచ్చిన కుర్రవాడు ఒక్క క్షణము తపాలా బంట్రోతును తలంచుకొన్నను తప్పులేదు. ఏదో ఒక మాటను ఎంచుకొని దానికే కట్టుబడియుండుట పుస్తకకర్తకు కష్టము కాదు. ఒకే అధ్యాయములో మూడు పేర్లతో పిలిచినచో విద్యార్థి మూడు వస్తువులనుకొనును.

వేషము గూర్చిన ఉపదేశమును మాత్రము పుస్తకములు విడువవు. అది సరియే. కాని ఏ వేషమును గూర్చి? కోటు చేతులు, టై కట్టు అని వ్రాయుదురు. అంబాజీపేట వేసవిలో టై కట్టుకొని లేతు నడపువాడు లేడు. అచ్చట చిక్కుకొనునవి లుంగీ అంచు, మెడలోని తువాలు, మణికట్టు దారము, తాయెత్తు, వదులు చొక్కాచేయి. 75 మిల్లీమీటర్ల షాఫ్టును హైస్పీడు ఉక్కు పనిముట్టుతో నిమిషమునకు 30 మీటర్ల కోతవేగమున తిప్పుటకు నిమిషమునకు 127 చుట్లు చాలును. కంటికి ఇది మెల్లగా తిరుగుచున్నట్లే ఉండును. కాని తువాలు కొస ఒకటి ఆ షాఫ్టునకు అంటుకొన్నచో సెకనుకు 50 సెంటీమీటర్ల చొప్పున చుట్టుకొనును. మనిషి చేయి 70 సెంటీమీటర్లనుకొన్నచో ఒకటిన్నర సెకనుకు ముందే చేయి అంతయు షాఫ్టు వద్దకు చేరును. స్విచ్చి ఎచ్చటనున్నదో తలంచుకొనుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. తక్కువ వేగమున గేరులు అందించు త్రిప్పుబలము ఎక్కువ గనుక గుడ్డ తెగదు, యంత్రము ఆగదు. చేతితొడుగులు కాపాడునను నమ్మకము కూడ ఇచ్చట తలక్రిందులు. తొడుగు వ్రేలిని విడువక లోపలికి లాగుకొనిపోవును. తిరుగు ముక్కకు మెరుగు పెట్టునపుడు గరుకు కాగితమును చుట్టి రెండు కొసలు చేతులతో పట్టుకొనుట, స్విచ్చి ఆపిన తరువాత ఇంకను తిరుగు చక్కును అరచేతితో నిలుపబోవుట ఈ కోవకే చెందును.

ఇది పల్లెటూరి అజాగ్రత్త మాత్రమే అనుకొనరాదు. 2011 ఏప్రిల్ నెలలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర ప్రయోగశాలకు చెందిన యంత్రశాలలో, రాత్రివేళ ఒంటరిగా పనిచేయుచున్న ఒక విద్యార్థిని జుట్టు లేతులో చిక్కుకొని ఆమె మరణించినది. గొప్ప విద్యాలయమైనను, విజ్ఞానశాస్త్రము చదువుకొన్న మనిషియైనను, ఆపి విడదీయుటకు రెండవవాడు దగ్గర లేనప్పుడు లేతు ఒకే విధముగా వ్యవహరించును. ఒంటరిగా లేతు నడపరాదను మాట మన పుస్తకములలో ఉన్నదా యని వెదకినచో సాధారణముగా నిరాశయే కలుగును.

చట్టము ఈ లోటును తీర్చునా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము యంత్రముల తిరుగు భాగములకు కంచె కట్టవలెనని 21వ సెక్షనులో విధించెను. నడుచుచున్న యంత్రము వద్ద పనిచేయువానికి బిగుతైన దుస్తులుండవలెనని 22వ సెక్షను చెప్పెను. అయితే విద్యుత్తుతో నడచుచోట పదిమంది పనివారైనను ఉన్నప్పుడే అది ఫ్యాక్టరీ అని ఆ చట్టపు నిర్వచనము. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి ఆ సంఖ్యను 20కి పెంచినది. ఒక లేతు, ఒక డ్రిల్లు, ఒక వెల్డింగు యంత్రముతో ఇద్దరు ముగ్గురు పనిచేయు షెడ్డు నాడును ఈ నిర్వచనమునకు వెలుపలనే, నేడును వెలుపలనే. తనిఖీ అధికారి రాడు. గోడమీద పట్టిక ఉండదు. అచ్చటికి చేరగల ఏకైక అధికారి పాఠ్యపుస్తకమే, అదియు కుర్రవాని తలలో మిగిలినంత మేరకే. ఈ కారణముచేతనే ఆ పుస్తకమును ఇంత కఠినముగా తూచవలసివచ్చుచున్నది. పెద్ద కర్మాగారమునకు పోవువానికి పుస్తకములో లోపించినదానిని ఫోర్‌మన్ పూరించును. చిన్న షెడ్డులో పూరించునది దెబ్బ.

తిరుగవ్రాయువారు అధ్యాయమును సాధనములతో కాక ముక్కలతో ఆరంభించినచో సగము పని తీరును. పొట్టి గుండ్రని కడ్డీ, పొడవైన షాఫ్టు, వెల్డింగు నింపిన షాఫ్టు, పలుచని బుష్షు, వంకర పోతపని, సన్నని పొడవైన కడ్డీ అని శీర్షికలు పెట్టి, ఒక్కొక్కదాని క్రింద దేనితో పట్టవలెను, దేనితో పట్టరాదు, పట్టు చాలలేదని ఏ గుర్తువలన తెలియును అని వ్రాయవచ్చును. గుర్తులు మేస్త్రీలకు తెలిసినవే. కోత చప్పుడు ఉన్నట్టుండి మారుట, ముక్కపై దవడల చోట మెరుపు గీత కనబడుట, దవడ అంచుకు గీచిన సుద్దగీత ముక్కతో పాటు కదలక వెనుకబడుట. ఈ చివరి గుర్తు పైసా ఖర్చు లేనిది. చక్కు దవడను, ముక్కను కలుపుచు ఒక సుద్దగీత గీచి, మొదటి కోత అయిన పిదప యంత్రమును ఆపి చూడవలెను. గీత రెండు ముక్కలై తొలగినచో ముక్క దవడలలో జారినది. అప్పటికి ఇంకను ఎగురలేదు, అంతే.

మరకట్టు ఇరుసుపై బిగించు పాతరకపు చక్కుల సంగతి ఇందులో చేర్చక తప్పదు. అట్టి లేతులు చిన్న షెడ్డులలో ఇంకను ఉన్నవి. వేగముగా తిరుగుచుండగా ఒక్కసారిగా వెనుకకు త్రిప్పినచో ఇరుసు ఆగును గాని బరువైన చక్కు తన వేగముతో ముందుకే పోజూచి మరనుండి ఊడివచ్చును. అందుచేత అట్టి లేతును పూర్తిగా ఆగనిచ్చి పిదప వెనుకకు త్రిప్పవలెను. చక్కును మార్చునపుడు లేతు పట్టాలపై అడ్డముగా ఒక పలక వేసికొనుట మంచిది. చేయి జారినచో చక్కు పలకమీద పడును, వ్రేళ్ళు పట్టాకును చక్కునకును నడుమ నలుగవు. పలకకు కొబ్బరిమ్రాను చెక్కయైనను సరిపోవును. అంబాజీపేటలో దానికి కొరత లేదు.